మనం ఆలోచించేదాకా ఆగే యుద్ధం

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకున్న నా ఈడు వాళ్లకు వీడియో గేమ్ పార్లర్ అనగానే బటన్లు టపటపా కొట్టే చప్పుడు చెవుల్లో మోగుతుంది. అక్కడ ఆడే ఒక ఆటను మేమందరం 'ముస్తఫా గేమ్' అనేవాళ్లం. దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, ముస్తఫా అందులో ఒక పాత్ర. కాయిన్ వేస్తే ఆట, చస్తే మళ్లీ కాయిన్. ప్లేస్టేషన్ పెట్టిన చోట గంటకు ఇంత అని లెక్క. గడియారం చూసి డబ్బులు కట్టేటప్పుడు ఎవరైనా టెక్కెన్ లాంటి కొట్లాట గేమే అడుగుతారు. నిదానంగా కూర్చుని ఆలోచించే గేమ్‌కు గంట డబ్బులు ఎవరిస్తారు?

అదే ప్లేస్టేషన్ మీద 1997లో జపాన్ కంపెనీ స్క్వేర్ తెచ్చిన ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌ను అందుకే నేను అప్పట్లో చూడనే లేదు. పూర్తి చేయాలంటే పదుల గంటలు కావాలి. ఎక్కడ ఆపామో మెమరీ కార్డులో దాచుకోవాలి. కథంతా చదువుకోవాలి. పార్లర్‌కు పనికొచ్చే లక్షణం ఒక్కటీ లేదు. నేను ఆడిన ఆటలన్నిటిలోకీ ఇదే గొప్పదని మాత్రం ఇప్పుడు నా గట్టి నమ్మకం. ఎందుకో వివరంగా చెబుతాను.

పులిజూదం ఆడినవాళ్లకు సగం విషయం ముందే తెలుసు. 3 పులులు, 15 మేకలు. మేక ఒంటరిగా చిక్కితే పోయినట్టే, దాని వెనకాల ఇంకో మేక ఉంటే పులి దూకలేదు. బలమంతా కాయ నిలబడిన చోటులో ఉంది. మన చతురంగానికీ జపాన్ వాళ్ల షోగీకీ మూలం ఒకటేనని ఆటల చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. ఆ గళ్లలోకి చెక్క కాయల బదులు పేర్లూ ముఖాలూ ఉన్న మనుషుల్ని దించితే ఏమవుతుంది? 1990లో నింటెండో ఫామికామ్ మీద వచ్చిన ఫైర్ ఎంబ్లెమ్ ఆ పని చేసింది. దాని రూపకర్త షోజో కాగా. అందులో యుద్ధంలో పోయినవాడు తర్వాతి యుద్ధానికి రాడు. చదరంగంలో బంటు పోతే ఎవరూ బాధపడరు, ఇక్కడ పడతారు. ఆ తర్వాత 1995లో యసుమి మత్సునో టాక్టిక్స్ ఓగర్ తీశారు. ఆయనే స్క్వేర్‌కు వచ్చి ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌కు దర్శకుడయ్యారు.

ఇందులో నేల చదునుగా ఉండదు. మెట్లు, వాగులు, ఇంటి కప్పులు ఉంటాయి. గడ్డిఅన్నారం గల్లీలో మూడో అంతస్తు పిట్టగోడ దగ్గర ఒక విలుకాడు నిలబడ్డాడనుకోండి. ఎత్తు పెరిగినకొద్దీ అతని బాణం ఇంకా దూరం పోతుంది. కింద కత్తి పట్టుకున్నవాడు ఎంత బలవంతుడైనా పైకి ఎక్కేదాకా చేసేదేమీ లేదు. మనిషి ఎటు తిరిగి నిలబడ్డాడన్నదీ లెక్కే. వీపు మీద కొడితే తప్పించుకోవడం కష్టం. వంతు ముగించే ముందు ఏ దిక్కుకు తిరగాలని ఆట ప్రత్యేకంగా అడుగుతుంది.

ఇక వంతు సంగతి. దీన్ని అర్థం చేసుకుంటే ఆట చేతికొచ్చినట్టే. ప్రతి మనిషి దగ్గరా ఒక కుండ ఉందనుకోండి. క్షణక్షణానికీ అందులో అతని వేగమెంతో అన్ని చెంబుల నీళ్లు పడతాయి. 100 చెంబులు చేరితే అతని వంతు. వేగం 10 ఉన్నవాడికి పదో క్షణంలో వంతు వస్తుంది, 8 ఉన్నవాడు పదమూడో క్షణం దాకా ఆగాలి. వంతులో నడవడం, కొట్టడం రెండూ చేస్తే కుండలోంచి 100 పోతాయి. ఒక్కటే చేస్తే 80 పోతాయి. ఏమీ చేయకుండా ఊరుకుంటే 60 మాత్రమే. మిగిలిన 40 చెంబులతో తర్వాతి వంతు తొందరగా వస్తుంది. ఊరుకోవడానికి కూడా విలువ కట్టిన ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

మంత్రాలకూ ఇలాగే సమయం పడుతుంది. నిప్పు కురిపించే మంత్రం ఒక మనిషి మీద గురిపెడితే అది అతని వెంటే పోతుంది. మంత్రం పూర్తయ్యేలోపు అతను నడిచొచ్చి మన వాళ్ల మధ్య నిలబడితే ఆ నిప్పు మన నెత్తినే పడుతుంది. మనిషి మీద కాకుండా గడి మీద గురిపెడితే, అతను జరిగిపోయాక నిప్పు ఖాళీ నేల మీద పడుతుంది.

పంచాంగం చూసే ఇళ్లలో పెరిగినవాళ్లకు నచ్చే సంగతి ఇంకొకటుంది. ప్రతి పాత్రకూ ఒక రాశి ఉంటుంది. మేషానికి సింహం, ధనుస్సు పొసగుతాయి, కర్కాటకం, మకరం పొసగవు. పొసగిన రాశి వాడి మీద మన దెబ్బ గట్టిగా తగులుతుంది, మన వైద్యం కూడా బాగా పనిచేస్తుంది.

పడిపోయిన మనిషి తల మీద 3 అంకె కనిపిస్తుంది. అతని వంతు వచ్చినప్పుడల్లా అది 2, 1, 0 అని దిగుతుంది. ఆ లోపు ఎవరైనా వెళ్లి లేపాలి. లేపకపోతే ఆ మనిషి స్ఫటికంగానో పెట్టెగానో మారిపోతాడు, ఇక తిరిగి రాడు. గెలిచే దారి ఒకవైపు, ఆ అంకె ఇంకోవైపు ఉన్నప్పుడు నేను గెలుపును వదులుకుని వెనక్కి పరిగెత్తిన రోజులున్నాయి.

కథ మీద ఇంగ్లండ్ గులాబీ యుద్ధాల నీడ ఉంది. పల్నాటి యుద్ధం తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. సింహాసనం కోసం రెండు పక్షాలు చీలిపోతాయి, మధ్యలో ఊళ్లు తగలబడతాయి. కథానాయకుడు రామ్జా గొప్పింటి కొడుకు. అతనితో కలిసి పెరిగిన డెలీటా సామాన్యుడు. డెలీటా చెల్లెల్ని శత్రువులు పట్టుకున్నప్పుడు గొప్పింటివాళ్లు ఆమె ప్రాణాన్ని లెక్కలోకే తీసుకోరు. ఆ ఇద్దరి దారులూ అక్కడే విడిపోతాయి. చివరికి చరిత్ర డెలీటాను వీరుడని రాసుకుంటుంది, రామ్జాను మతద్రోహి అంటుంది. ఈ కథను చాలాకాలం తర్వాత ఒక చరిత్రకారుడు తవ్వి తీసి మనకు చెబుతున్నట్టు ఆట మొదలవుతుంది. పిల్లల ఆట అని పక్కన పెట్టేవాళ్లు ఆ మొదటి ఘట్టాలు చూడాలి.

ఇప్పుడు పార్లర్ అక్కర్లేదు. ఈ ఆట 2011లో ఐఫోన్‌కు, 2015లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో కొత్త హంగులతో, పాత్రలకు గొంతులతో ది ఇవాలిస్ క్రానికల్స్ పేరిట మళ్లీ విడుదలైంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక హెచ్చరిక: డోర్టర్ అనే వర్తక నగరం దగ్గర చాలామంది బోల్తా పడతారు. అక్కడ కప్పుల మీద విలుకాళ్లు ముందే కాచుకుని ఉంటారు. గోడల చాటున నడవండి, మందులిచ్చేవాణ్ని వెంట ఉంచుకోండి.

ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి సీటు దొరికితే మియాపూర్ దాకా 29 కిలోమీటర్లు, ఒక యుద్ధానికి చాలు. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటేసరికి నా వాళ్లు గోడ చాటుకు చేరుకుంటారు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు సంచులతో ఎక్కుతారు. మొన్న పక్కన నిలబడిన కుర్రాడు నా ఫోన్ వైపు చాలాసేపు చూసి, "అంకుల్, హ్యాంగ్ అయిందా?" అని అడిగాడు.

"లేదు బాబూ, నా వంతే. ఆలోచిస్తున్నా" అన్నాను.