హెడ్ గ్యాస్కెట్ పోయిందంటే ఇంజిన్ విప్పే ముందు ఇవి చూడండి

మిల్లులు మూతపడినంక మన షోలాపూర్‌లో కొందరు పిల్లలు పాత కార్లు కొని కిరాయికి తిప్పుకుంటున్నరు. బండి వేడెక్కి గ్యారేజీకి పోతే, "హెడ్ గ్యాస్కెట్ పోయింది, ఇంజిన్ విప్పాలె" అంటరు. ఆ పనికి పెద్ద ఖర్చు. అందుకని విప్పనిచ్చే ముందు ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

సైజింగ్ ఖాతాలో పనిచేసినవాళ్ళకు ఇది తొందరగా అర్థమైతది. ఆవిరి పైపు జాయింటు నడుమ ప్యాకింగ్ ఉంటది గదా, గ్యాస్కెట్ కూడా అటువంటిదే. కింద సిలిండర్ బ్లాకు, పైన హెడ్డు, నడుమ ఈ పలుచని పొర. మండే గ్యాసు, నీళ్ళు, ఆయిలు ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపేది ఇదే.

ఎక్కడ లీకైతే అక్కడి గుర్తు వేరే ఉంటది. నీళ్ళు సిలిండర్‌లోకి పోతే, బయట చుక్క కారకుండనే నీళ్ళు తగ్గుతయి. ఇంజిన్ బాగా వేడెక్కినంక కూడా సైలెన్సర్‌లో తెల్లపొగ ఆగదు. గ్యాసు నీళ్ళలోకి పోతే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన కొద్దిసేపట్లోనే రేడియేటర్ పైపు గట్టిపడతది. నీళ్ళు ఆయిల్‌లో కలిస్తే డిప్‌స్టిక్ మీద పాలు పోసిన కాఫీ రంగు కనపడతది.

ఒక్క గుర్తు చూసి నమ్మొద్దు. చలికాలం పొద్దున కాసేపు తెల్లపొగ మామూలే. వేడెక్కడానికి రేడియేటర్ మూత, ఫ్యాను, థర్మోస్టాట్, వాటర్ పంపు కూడా కారణం కావచ్చు. ముందు అవి చూపించుకోవాలె.

అప్పటికీ అనుమానం ఉంటే మెకానిక్‌ను రెండు పరీక్షలు అడగండి. ఒకటి కంప్రెషన్. పక్కపక్కన ఉన్న రెండు సిలిండర్లలో తక్కువ చూపిస్తే, వాటి నడుమ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలె. రెండోది రేడియేటర్ మీద పెట్టే నీలిరంగు మందు. పెట్రోలు బండిలో అది పసుపుపచ్చగా మారితే నీళ్ళలోకి గ్యాసు వస్తున్నట్టు.

పోయిందని తేలితే, హెడ్డు చదునుగా ఉందో లేదో కొలిపించాలె. వంగిన హెడ్డు కింద కొత్త గ్యాస్కెట్ నిలవదు.

పిల్లలకు ఒక మాట గట్టిగా చెప్పండి. వేడి ముల్లు ఎర్రగీతకు పోతే బండి పక్కకు ఆపాలె. వేడి మీద మూత తీయొద్దు, మరిగే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతయి. కిరాయి పోతదని అట్లనే నడిపిస్తే హెడ్డు కూడా వంగుతది, ఖర్చు ఇంకా పెరుగుతది.