విద్యుద్భాండాగారములకు కావలి

సూర్యుడస్తమించిన పిమ్మటను సౌరవిద్యుత్తు మన దీపములను వెలిగింపవలెనన్న, దానిని పగలే నిలువచేయవలయును. ఇందులకే దేశదేశములందు బృహత్తరములైన బ్యాటరీశాలలు వెలయుచున్నవి. ఒక్కొక్క శాలయందు వేలకొలది ఘటములుండును. ఒక్కటి మితిమీరి వేడెక్కినను పొరుగువానికి చేటు మూడును. ఘటముల వోల్టేజిని, ఉష్ణమును అనుక్షణము గమనించి, ఎప్పుడు నింపవలయునో, ఎప్పుడు వెచ్చింపవలయునో నిర్ణయించునది సాఫ్ట్‌వేరు. శాలకు నిజమైన కావలి అదియే.

2017 డిసెంబరులో ఆస్ట్రేలియా దేశమున, విక్టోరియాలోని లాయ్ యాంగ్ విద్యుత్కేంద్రపు యంత్రమొకటి హఠాత్తుగా ఆగిపోగా, ఎంతో దూరమున దక్షిణాస్ట్రేలియాలోనున్న హార్న్స్‌డేల్ బ్యాటరీశాల రెప్పపాటులో విద్యుత్తునందించెను. కావలి మెలకువ అట్టిది.

కావలి పొరపడినచో? 2021 సెప్టెంబరులో కాలిఫోర్నియాయందలి మాస్ లాండింగ్ శాలలో, తగినంత పొగ పుట్టకమునుపే అగ్నినివారక జలము విడుదలయ్యెను. అతుకులనుండి కారిన నీటివలన ఘటములు చెడెను. పొగను కనిపెట్టు పరికరమునకిచ్చిన ఆదేశములలోని దోషమే కారణమై యుండునని విచారణలో తేలినది.

2031-32 నాటికి మన దేశమునకు సుమారు 236 గిగావాట్-గంటల బ్యాటరీ నిలువ వలయునని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో అంచనా వేసినది. పెట్టెలను కొనితెచ్చినంతమాత్రమున ఈ కార్యము తీరదు. వానిని నడపు ఆదేశములను మన ఇంజనీర్లు చదువలేనిచో, పరీక్షింపలేనిచో, దిద్దలేనిచో, తాళము మన యింటిది, తాళపుచెవి పరులచేతిది యగును. ఈ హక్కులను ఒడంబడికలలోనే వ్రాయించుకొనుట ప్రభుత్వముల విధి.