పాత బోటుకు కొత్త ఇంజను: గుర్రాలు పెంచితే సరా?

కాకినాడ: ఏప్రిల్ 15 వచ్చిందంటే కాకినాడ రేవుల్లో మర బోట్లన్నీ ఒడ్డు పడతాయి. జూన్ 14 దాకా 61 రోజులు వాటికి సముద్రంలో వేట నిషేధం. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి పెరగాల్సిన కాలమిది. మత్స్యకారులు చెట్టు నీడన చేరి చిరిగిన వలలు కుట్టుకుంటారు. వడ్రంగులు బోటు అడుగు చెక్కలు మారుస్తారు. ఇంజను మేస్త్రీకి మాత్రం ఊపిరి సలపదు. ఏడాది పొడవునా దగ్గుతూ, నల్లటి పొగ కక్కుతూ నడిచిన పాత ఇంజన్లను ఈ రెండు నెలల్లోనే విప్పాలి.

ఇంజను ముసలిదైతే బోటు యజమానికి కంటి మీద కునుకుండదు. రోడ్డు మీద ఆగిన లారీని నలుగురు కలిసి తోయవచ్చు. నడి సముద్రంలో ఆగిన బోటు గాలి ఎటు కొడితే అటు పోతుంది. అందులోని వారి ప్రాణాలు లంగరు తాడు మీద, మరో బోటు కంట పడే అదృష్టం మీద ఆధారపడతాయి. అందుకే అప్పో సప్పో చేసి, ఇంట్లో బంగారం కుదువబెట్టి అయినా ఇంజను మార్చడానికి సిద్ధపడతారు.

"ఎన్ని గుర్రాలది వేద్దాం మేస్త్రీ?" అన్నదే రేవులో తొలి ప్రశ్న. పక్క బోటువాడు పెద్దది వేశాడంటే తనకు అంతకన్నా పెద్దది కావాలి. అనుభవమున్న మేస్త్రీ వెంటనే అంకె చెప్పడు. "ముందు నీ బోటు పొడవెంతో చెప్పు బాబూ" అంటాడు. అసలు కిటుకంతా అక్కడే వుంది.

హద్దు ఇంజనుది కాదు, బోటుది

వేట బోటు బరువైనది. నీటిని చీల్చుకుంటూ పోవాలే తప్ప నీటి మీద తేలిపోయే రకం కాదు. అది కదిలేటప్పుడు ముక్కు దగ్గర ఒక అల లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవవుతూ చివరకు బోటు పొడవంత అవుతుంది. ఆ పైన బోటు తాను లేపిన అల గట్టును తానే ఎక్కాల్సి వస్తుంది. వెనుక భాగం నీటిలోకి దిగబడుతుంది. ఎంత డీజిలు తాగించినా వేగం పెద్దగా పెరగదు.

దీనికి పడవలు కట్టేవారు ఒక లెక్క చెబుతారు. నీటిని తాకే పొడవు 36 అడుగులు అనుకుందాం. దాని వర్గమూలం 6. దాన్ని 1.34తో హెచ్చిస్తే 8. అంటే ఆ బోటుకు హద్దు సుమారు 8 నాట్లు, గంటకు 15 కిలోమీటర్లు. చిన్న ఇంజనుతోనే ఆ వేగం అందుకునే బోటుకు రెట్టింపు గుర్రాలు కట్టినా లాభం లేదు.

ఆ హద్దుకు కాస్త దిగువన నడిపితే మిగులు ఎంతో వుంది. 8 నాట్ల మీద నడిచే బోటును 7 నాట్లకు తగ్గిస్తే ఇంజను మీద భారం ఇంచుమించు మూడో వంతు తగ్గుతుంది. 60 కిలోమీటర్ల దూరం వెళ్లడానికి అరగంట పైచిలుకు ఆలస్యమవుతుంది. డీజిలు మాత్రం సుమారు నాలుగో వంతు ఆదా అవుతుంది. ఇంజను 100 గుర్రాల శక్తి పూర్తిగా లాగితే గంటకు 20 లీటర్లకు పైగా ఖర్చవుతుందన్నది మరువరాదు. రాష్ట్ర ప్రభుత్వం 2019లో డీజిలు రాయితీని లీటరుకు 9 రూపాయలు చేసింది. అయినా వృథాగా పోయే ప్రతి లీటరులో మిగతా సొమ్ము మత్స్యకారుడి జేబులోదే.

ఇంజనుతోపాటు ఫ్యాను కూడా

ఇంజను మార్చి, నీటి కింద తిరిగే ప్రొపెల్లరును, అదే ఫ్యానును, పాతదే వుంచడం తరచూ జరిగే పొరపాటు. ఇంజను నిమిషానికి 1,800 చుట్లు తిరిగితే, మూడింటికి ఒకటి గేరు బాక్సు దాన్ని 600కు తగ్గిస్తుంది. పెద్ద ఫ్యాను మెల్లగా తిరిగితేనే వలను గట్టిగా లాగుతుంది. కొత్త ఇంజను చుట్లు వేరైతే గేరు, ఫ్యాను రెండూ దానికి కుదరాలి.

కుదిరిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. బోటులో ఐసు, నీళ్లు, వలలు ఎక్కించి సముద్రంలో పూర్తి వేగంతో నడపాలి. కంపెనీ చెప్పిన చుట్లు ఇంజను అందుకోలేక నల్లపొగ వదులుతుంటే ఫ్యాను దానికి మించిన భారమన్నమాట. చుట్లు హద్దు దాటి పోతుంటే ఫ్యాను చాలదన్నమాట.

లారీ ఇంజను తెచ్చి వేసేవారూ వున్నారు. ఉప్పునీరు నేరుగా లోపల తిరిగితే ఇంజనును తుప్పు తినేస్తుంది. లోపల మంచినీరే తిరగాలి. ఆ మంచినీటిని సముద్రపు నీరు బయటినుంచి చల్లబరచాలి. ఆ ఏర్పాటు లేకుండా చవకగా తెచ్చిన ఇంజను చివరకు ఖరీదైనదే అవుతుంది.

వెంట్రుకవాసి తేడా

ఇంజనూ షాఫ్టూ ఒకే గీత మీద వుండాలి. రెండూ కలిసే కప్లింగు దగ్గర చుట్టూ సందు సమానంగా వుందో లేదో పలుచని రేకులు దూర్చి చూస్తారు. వెంట్రుకవాసి తేడా వున్నా బోటు వణుకుతుంది. బేరింగులు అరుగుతాయి, షాఫ్టు పక్కనుంచి నీరు కారుతుంది. ఒడ్డు మీద ఒకసారి సరిచూస్తే చాలదు. నీటిలోకి దించాక చెక్క బోటు ఆకారం కాస్త మారుతుంది. ఒకటి రెండు రోజులు ఆగి మళ్లీ చూడాలి. ఇంజనును మోసే దిమ్మెలు పుచ్చివుంటే ముందు వాటినే మార్చాలి.

కొత్త ఇంజను పాతదానికన్నా తేలికైతే బోటు కూర్చునే తీరు మారుతుంది. అడుగున బరువు సర్ది సరిచేసుకోవాలి. పాత డీజిలు ట్యాంకు కడగకపోతే అడుగు మడ్డి లేచి కొత్త ఫిల్టర్లను మూసేస్తుంది. రిజిస్ట్రేషను కాగితంలో, బీమాలో పాత ఇంజను వివరాలే వుంటే ప్రమాదవేళ చిక్కు తప్పదు. మార్పును మత్స్యశాఖకు, బీమా వారికి తెలపాలి.

నిషేధం ముగిసేందుకు పది రోజుల ముందే పని పూర్తి చేసుకున్నవారు అదృష్టవంతులు. హోప్ ఐలాండ్ చాటున అలలు తక్కువ. అక్కడ నడిపి చూసుకుని, లోపముంటే వెనక్కి తెచ్చి దిద్దుకోవచ్చు. ఆఖరి రోజున హడావుడిగా బిగించినవారికి ఆ వీలు లేదు. వారి ఇంజనుకు తొలి పరీక్ష నడి సముద్రంలోనే, ఇంటిల్లిపాది ఒడ్డున ఎదురుచూస్తుండగా జరుగుతుంది.