కొలతల బల్ల నుండి మనుష్యుల మధ్యకు

పటాన్‌చెరువు మొదలు సంగారెడ్డి వఱకు రహదారికి ఇరుప్రక్కల పొగగొట్టములు, ప్రహరీగోడలు, వాని నడుమ అక్కడక్కడ చేలు కనబడును. రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్., 1972లో పటాన్‌చెరువున నెలకొనిన ఇక్రిశాట్, పాశమైలారమున ఔషధముల కర్మాగారములు, కందిలో ఐ.ఐ.టి. ఇన్ని యుండుటచే ఇంజనీరింగును, రసాయనశాస్త్రమును చదివిన మన ఆడపడుచులు పెక్కండ్రు ఇచ్చట నక్షాలు గీయుచు, పరీక్షాఫలితములు నమోదుచేయుచు, కంప్యూటరు ముందు దినమంతయు గడపుచున్నారు. కొన్నియేండ్లు గడచిన పిమ్మట వారిలో కొందఱకు ఈ యంకెలు చాలును, మనుష్యులతో పనిచేయుదమను కోరిక పుట్టుచున్నది. ఇంటిలో ఆ మాట యెత్తగానే "ఇంత చదివి, చేతికందిన జీతము కాలదన్నుకొందువా తల్లీ?" యని పెద్దలందురు. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఇంటి యప్పు, పిల్లల ఫీజు ఆ జీతముమీదనే నిలిచియుండును.

ఇట్టి మార్పునకు ఈ జిల్లాలోనే యొక పెద్ద యుదాహరణము కలదు. మైసూరున పుట్టిన పి.వి. సతీష్‌గారు దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాత. ఆయనది ఇంజనీరు బల్ల కాదు గాని, కెమెరాలు, కూర్పుగదులు, ప్రసారవేళలు, ఇదియు యంత్రముల కొలువే. 1983లో మిత్రులతో కలిసి జహీరాబాదు చెంతనున్న పస్తాపురమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించి, ఆ పల్లెలనే తన పనిచోటుగా చేసికొనిరి. పేద దళితస్త్రీలు ఊరూర సంఘములుగా కూడిరి. బీడుపడిన చేలను సాగుచేసిరి. జొన్న, కొఱ్ఱ, సామ విత్తనములను భద్రపఱచి ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనిరి. మాకు మిక్కిలి నచ్చినది వేఱొకటి. ఆయన తన పాత విద్యను పారవేయలేదు. అక్షరము రాని స్త్రీల చేతికి కెమెరా నందించిరి. వారు తమ పొలములను గూర్చి తామే చిత్రములు తీసిరి. 2008లో మాచ్‌నూరున సంఘం రేడియో మొదలైనప్పుడు దానిని నడపినవారును ఆ పల్లెల యువతులే. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటరు బహుమానము వచ్చినది. సతీష్‌గారు 2023 మార్చిలో స్వర్గస్థులైరి.

అందఱును పల్లెలకు పోనక్కఱలేదు. కర్మాగారపు గేటు లోపలనే మనుష్యుల పని యున్నది. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారములోని ఒక ఔషధ కర్మాగారమున సంభవించిన ప్రేలుడులో ఏబదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో పలువురు బీహారు, ఒడిషా, ఉత్తర ప్రదేశములనుండి బ్రతుకుతెరువునకై వచ్చినవారు. దేహములను గుర్తింప వీలులేక డి.ఎన్.ఎ. పరీక్షలు చేయవలసివచ్చెను, బంధువులు దినములకొలది ఎదురుచూచిరి. అట్టివేళ ఏ షెడ్డులో ఏ యంత్రముండెనో, ఆ పూట ఎవరు పనిలో నుండిరో తెలిసినవారు, ఆ సంగతిని ఒక తల్లికి ఆమె భాషలో చెప్పగలవారు కావలెను. ఈ రెండును ఒక్కరియందుండుట అరుదు. బల్లయొద్ద పదియేండ్లు గడపిన స్త్రీకి మొదటిది వచ్చును, రెండవది నేర్వవలెను.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 500 మంది పనివారున్నచోట సంక్షేమాధికారి యుండవలెనని విధించినది. 2025 నవంబరులో అమలునకు వచ్చిన క్రొత్త కార్మిక కోడు ఆ సంఖ్యను 250కి దింపినది. ఈ కొలువులకు ప్రభుత్వము నిర్ణయించిన చదువు కావలెను గనుక, ఉన్న యుద్యోగము విడువకముందే ఆ యర్హతలను విచారించుకొనుట మేలు.

మనుష్యుల పని సుకుమారమని యెంచి వచ్చువారు త్వరలోనే విసిగిపోవుదురు. కంప్యూటరు తప్పు చూపును గాని ఏడువదు, ఎదురాడదు. ఒక్క గదిలో ఎనమండుగురితో పండుకొను కార్మికుని కష్టము, త్రాగుబోతు భర్తతో వేగు ఆయమ్మ మొఱ, జీతపుకోతపై కోపము వినవలెను. విని యాజమాన్యముతో వాదింపవలెను. సాయంకాలము ఇంటికి వచ్చి వంట చేయవలెను. (మగవారు ఉద్యోగము మార్చినపుడు ఈ కడపటి సంగతి నెవరును అడుగరు.)

కాబట్టి సోదరీమణులు ముందుగా ఆఱునెలలపాటు ఆదివారములందు కార్మికుల వాడలో పిల్లలకు పాఠము చెప్పి చూడవలెనని మా సలహా. హిందీ ధారాళముగాను, ఒడియా నాలుగు మాటలైనను నేర్చుకొనుడు. ఆఱునెలల యింటిఖర్చు వేఱుగా దాచుడు. అప్పటికిని కోరిక చల్లాఱనిచో, లెక్కల పుస్తకము తెఱచి ఇంటివారితో మాటాడవచ్చును. పెద్దలు మొదట అడుగునది జీతమెంత తగ్గునని. ఆ యంకెను దాచక చెప్పుడు.