గ్రూపుల వారీగా ర్యాంక్ ఇవ్వడం ఎలా? కామారెడ్డి, ఎల్లారెడ్డి ఓట్లతో ట్రై చేసి చూడండి

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో కామారెడ్డి ఫలితం గుర్తుందా? బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకట రమణారెడ్డి 66,652 ఓట్లతో గెలిచారు. అప్పటి సీఎం కేసీఆర్‌కు 59,911, రేవంత్ రెడ్డికి 54,916 ఓట్లు వచ్చాయి. పక్కనే ఉన్న ఎల్లారెడ్డిలో కాంగ్రెస్ అభ్యర్థి మదన్ మోహన్ రావుకు 86,989, బీఆర్ఎస్ అభ్యర్థి జాజాల సురేందర్‌కు 62,988 ఓట్లు పడ్డాయి.

ఈ ఐదు వరుసలను ఒకే షీట్‌లో పెట్టి మామూలు ర్యాంక్ ఫంక్షన్ వాడితే తమాషాగా ఉంటుంది. కామారెడ్డిలో గెలిచిన రమణారెడ్డికి 2, ఎల్లారెడ్డిలో ఓడిన సురేందర్‌కు 3, కేసీఆర్‌కు 4 వస్తాయి. ఒకరితో ఒకరు పోటీ పడనివాళ్లను కలిపి పోలిస్తే ఇలాగే ఉంటుంది. మనకు కావాల్సింది ఏ నియోజకవర్గానికి ఆ నియోజకవర్గంలో ర్యాంక్.

ఎలా చేయాలి?

ఎక్సెల్ లేదా గూగుల్ షీట్స్‌లో నియోజకవర్గం, అభ్యర్థి, ఓట్లు అని మూడు కాలమ్స్ పెట్టండి. నాలుగో కాలమ్‌లో కౌంట్‌ఇఫ్స్ ఫంక్షన్ వాడాలి. దానికి రెండు కండిషన్లు ఇవ్వండి: నియోజకవర్గం ఈ వరుసలో ఉన్నదే అయి ఉండాలి, ఓట్లు ఈ వరుసలో ఉన్నవాటి కంటే ఎక్కువ ఉండాలి. వచ్చిన సంఖ్యకు 1 కలపండి. అంటే ‘నా గ్రూపులో నా కంటే ముందు ఎంతమంది ఉన్నారు’ అని లెక్కపెట్టడమే. కేసీఆర్ కంటే ముందు ఒక్కరే ఉన్నారు కాబట్టి ఆయనకు 2 వస్తుంది. ఫార్ములాను కిందికి లాగే ముందు రేంజ్‌లను డాలర్ గుర్తుతో లాక్ చేయడం మర్చిపోవద్దు.

ఎస్‌క్యూఎల్‌లో అయితే ఇదే పని ర్యాంక్ ఫంక్షన్‌కు ‘పార్టిషన్ బై’ జోడిస్తే అయిపోతుంది. పైథాన్ పాండాస్‌లో ముందు గ్రూప్‌బై, తర్వాత ర్యాంక్. అయితే అక్కడ డిఫాల్ట్‌గా చిన్న సంఖ్యకే 1 వస్తుంది, కాబట్టి అసెండింగ్‌ను ఆఫ్ చేయాలి.

ఇవి చూసుకోండి

* ఒక వరుసలో ‘కామారెడ్డి’ వెనుక స్పేస్ పడితే అది వేరే గ్రూప్ అయిపోతుంది. అప్పుడు ఒకే చోట ఇద్దరు ‘విజేతలు’ కనిపిస్తారు! ముందే ట్రిమ్ చేసుకోండి.
* కాపీ చేసిన ఓట్లు టెక్స్ట్‌గా ఉండిపోతే ర్యాంకులు తప్పుతాయి. నంబర్‌గా మార్చండి.
* షీట్‌లో, ఎస్‌క్యూఎల్ ర్యాంక్‌లో ఇద్దరికీ సమానంగా ఉంటే ఇద్దరికీ 1, తర్వాతి వ్యక్తికి 3 వస్తుంది. 2 కావాలంటే ఎస్‌క్యూఎల్‌లో డెన్స్ ర్యాంక్ వాడండి. అసలు ఎన్నికల్లో మాత్రం సమానమైతే లాటరీ తీసి తేలుస్తారు.

నియోజకవర్గం బదులు ‘15 వేల లోపు’, ‘25 వేల లోపు’ అని ప్రైస్ రేంజ్ పెట్టండి, ఓట్ల బదులు బెంచ్‌మార్క్ స్కోరు పెట్టండి. మీ బడ్జెట్‌లో ఫాస్టెస్ట్ ఫోన్ ఏదో ఇదే ఫార్ములా చెప్పేస్తుంది.