పిల్లులలో మధుమేహం, మూత్రపిండ వ్యాధి

పిల్లులలో మధుమేహం, మనుషులకు వచ్చే రెండవ రకం మధుమేహాన్ని చాలావరకు పోలిన దీర్ఘకాలిక వ్యాధి. నడివయసు దాటిన, బరువు పెరిగిన పిల్లులలో, అందునా విత్తులు తీయించిన మగపిల్లులలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కూడా ముసలి పిల్లులకు తరచుగా వచ్చేదే కనుక ఒకే పిల్లిలో రెండూ కలిసి ఉండటం అరుదు కాదు. విడివిడిగా చూస్తే రెండింటికీ చికిత్సా పద్ధతులు స్థిరపడి ఉన్నాయి. కలిసి వచ్చినపుడు మాత్రం ఒకదానికి మేలు చేసే ఆహారం రెండవదానికి సరిపడదు. పైగా పిల్లికి ఆకలి మందగిస్తే ఇన్సులిన్ మోతాదు నిర్ణయించడమే చిక్కు సమస్య అవుతుంది. ఇటువంటి పిల్లి సంరక్షణలో మిగిలిన లెక్కలన్నింటికంటే ముందు చూడవలసినది అది తింటోందా లేదా అన్నదే.

పిల్లి శరీర ధర్మం

పిల్లి పూర్తిగా మాంసాహారి. కుక్క వలె మిశ్రమాహారంతో బ్రతకగలిగిన జంతువు కాదు. దాని కాలేయం మాంసకృత్తులలోని అమైనో ఆమ్లాల నుండి గ్లూకోజును ఎడతెగకుండా తయారు చేసుకుంటూ ఉంటుంది. పిండిపదార్థాలు ఒక్కసారిగా ఎక్కువగా వచ్చినపుడు వాటిని త్వరగా సర్దుబాటు చేసే గ్లూకోకైనేజ్ అనే ఎంజైము పిల్లి కాలేయంలో చాలా తక్కువగా పనిచేస్తుంది. తెలుగునాట పిల్లికి పాలు, పెరుగన్నం పెట్టడం వాడుక. ఎలుకలు, తొండలు పట్టి తినే పిల్లికి అది చిరుతిండి వంటిది. గడప దాటని పిల్లికి అదే ముఖ్యాహారం అయితే పిండిపదార్థాలు ఎక్కువై, మాంసకృత్తులు తక్కువవుతాయి.

మధుమేహం వచ్చిన పిల్లులలో క్లోమగ్రంథి నుండి ఇన్సులిన్‌తో పాటు వెలువడే అమైలిన్ అనే పదార్థం గడ్డకట్టి, ఇన్సులిన్ తయారుచేసే కణాల మధ్య పేరుకుని ఉండటం తరచుగా కనబడుతుంది. ఊబకాయం వలన ఇన్సులిన్ పట్ల శరీర స్పందన తగ్గుతుంది. దురదలకు, ఉబ్బసానికి దీర్ఘకాలం వాడే స్టెరాయిడ్ మందులు, పీయూష గ్రంథిలో కంతి వలన పెరుగుదల హార్మోను అధికంగా తయారవటం కూడా ఈ వ్యాధికి కారణమవుతాయి. తొలిదశలోనే చక్కెరను చక్కగా అదుపు చేస్తే కొన్ని పిల్లులకు ఇన్సులిన్ అవసరం పూర్తిగా తీరిపోతుంది. కుక్కలలో ఇలా జరగటం చాలా అరుదు.

మూత్రపిండాల సంగతి వేరు. పెంపుడు పిల్లి పూర్వీకులు ఎండుభూములలో తిరిగిన అడవి పిల్లులు. అందువలన పిల్లి తక్కువ నీరు త్రాగి, మూత్రాన్ని బాగా చిక్కబరచి విడుస్తుంది. వయసుతో నెఫ్రాన్లు ఒక్కొక్కటిగా నశించేకొద్దీ ఈ శక్తి తగ్గిపోతుంది. రక్తంలో క్రియాటినిన్ పెరిగే నాటికి సుమారు మూడు వంతుల నెఫ్రాన్లు, అంటే నాలుగింట మూడు, పోయి ఉంటాయి. ఎస్‌డీఎంఏ అనే రక్త పరీక్షతో లోపాన్ని కొంత ముందుగా కనిపెట్టవచ్చు.

మనుషులలో మధుమేహం మూత్రపిండాలను దెబ్బతీస్తుందన్నది తెలిసినదే. పిల్లులలో అటువంటి కార్యకారణ సంబంధం స్పష్టంగా రుజువు కాలేదు. చాలా పిల్లులలో ఇవి ముసలితనంలో ఒకే ఇంటికి వచ్చిన ఇద్దరు అతిథుల వంటివి.

నిర్ధారణలో చిక్కులు

అధిక దాహం, అధిక మూత్రం, బరువు తగ్గటం రెండు వ్యాధులకూ ఉమ్మడి లక్షణాలు. మధుమేహం ఒక్కటే ఉన్న పిల్లి సాధారణంగా ఆబగా తింటుంది. తిండి మానివేసిందంటే మరొక కారణం తోడైనదని అనుమానించాలి. ఆసుపత్రికి తెచ్చిన భయంతోనే ఆరోగ్యమైన పిల్లికి కూడా రక్తంలో చక్కెర డెసిలీటరుకు 300 మిల్లీగ్రాముల వరకు పెరగవచ్చు. కావున ఒక్క పరీక్షతో తేల్చకుండా, గడచిన ఒకటి నుండి మూడు వారాల సగటును సూచించే ఫ్రక్టోజమైన్ పరీక్ష చేస్తారు.

క్రియాటినిన్‌ను బట్టి మూత్రపిండ వ్యాధిని నాలుగు దశలుగా విభజిస్తారు. డెసిలీటరుకు 1.6 నుండి 2.8 మిల్లీగ్రాముల వరకు రెండవ దశ, 2.9 నుండి 5.0 వరకు మూడవ దశ, ఆపైన నాలుగవ దశ. చక్కెర మూత్రంలోకి దిగి నీటిని లాగివేయటం వలన ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. కండ కరిగిపోయిన పిల్లిలో తక్కువగా కనిపించవచ్చు. అందుచేత ముందు నీటి లోటు తీర్చి, ఆ తరువాతనే దశను నిర్ణయించటం సరియైన పద్ధతి. మూత్రంలో చక్కెర ఉన్న పిల్లులకు మూత్రనాళ సంక్రమణ సులభంగా సోకుతుంది కాబట్టి మూత్రం కల్చర్ పరీక్ష కూడా అవసరం.

ఆహారం

మధుమేహానికి సూచించే ఆహారంలో మాంసకృత్తులు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ. మూత్రపిండ వ్యాధికి తయారుచేసే ఆహారంలో భాస్వరం తక్కువ, మాంసకృత్తులు మితం. మాంసం తగ్గించిన మేరకు శక్తిని కొవ్వు నుండి, పిండిపదార్థాల నుండి సమకూరుస్తారు. ఒకదాని లాభం రెండవదానికి నష్టమన్నమాట. అయితే వీటిలో మూత్రపిండాలకు అసలు హాని భాస్వరం వలననే ఎక్కువ. మాంసకృత్తులను మరీ తగ్గిస్తే పిల్లి తన కండలనే కరిగించుకుంటుంది.

మొదటి, రెండవ దశలలో పిండిపదార్థాలు తక్కువగా ఉన్న తడి ఆహారమే కొనసాగించి, అవసరమైతే భాస్వరాన్ని పేగులోనే పట్టి ఉంచే అల్యూమినియం హైడ్రాక్సైడ్ వంటి మందును ఆహారంలో కలపటం ఒక మార్గం. మూడవ, నాలుగవ దశలలో మూత్రపిండ ఆహారానికే ప్రాధాన్యమిచ్చి, దానివలన పెరిగే చక్కెరకు తగినట్లు ఇన్సులిన్‌ను సరిచేస్తారు. రెండు సందర్భాలలోనూ పొడి గుళికలకంటే తడి ఆహారం మేలు. దానిలో నీరు ఎక్కువ, పిండి తక్కువ.

ఇంటి ఆహారం పెట్టేవారు కొన్ని సంగతులు గమనించాలి. తెలుగువారి ఇళ్ళలో పిల్లికి ఇష్టంగా పెట్టే ఎండుచేపలు, ముళ్ళతో సహా తినే నెత్తళ్ళు, కోడి ఎముకలు భాస్వరంతో నిండినవి. ఎండుచేపలలో ఉప్పు కూడా అధికం. ఉడికించిన మెత్తని కోడిమాంసం, గ్రుడ్డు తెల్లసొన వీటికంటే నయం. తెల్లసొనలో భాస్వరం చాలా తక్కువ. అయితే ఇవి మాత్రమే పెడితే కాల్షియం, టారిన్ వంటివి లోపిస్తాయి. టారిన్ లోపం వలన పిల్లులకు గుండె కండరం బలహీనపడుతుందని 1987లో వెల్లడైంది. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూరముక్కలు పెట్టరాదు. అవి పిల్లి ఎర్రరక్తకణాలను నాశనం చేస్తాయి.

ఇవన్నీ తినే పిల్లికి వర్తించే మాటలు. తినని పిల్లి విషయంలో శాస్త్రోక్తమైన ఆహారం ముట్టక పస్తు ఉండటంకంటే, అంత మంచిది కాని ఆహారమైనా తినటం మేలు. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా లావుపాటి పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని కామెర్లు వచ్చి ప్రాణాపాయం కలుగుతుంది.

ఆకలి మందగించుట

మూత్రపిండాలు విసర్జించలేని వ్యర్థాలు రక్తంలో పేరుకొనటం వలన కలిగే వికారం దీనికి ముఖ్య కారణం. పొటాషియం తగ్గుదల, రక్తహీనత, దంతాల నొప్పి, మలబద్ధకం, క్లోమగ్రంథి వాపు, రక్తంలో కీటోన్లు చేరటం ఇతర కారణాలు. వికారం ఉన్న పిల్లిని పోల్చుకోవటం కష్టం కాదు. ఆకలిగా గిన్నె దగ్గరకు వస్తుంది, వాసన చూస్తుంది, పెదవులు నాకుకుని వెనుదిరుగుతుంది. కొన్ని పిల్లులు మలాన్ని కప్పినట్లుగా గిన్నె చుట్టూ నేలను గీకుతాయి. దీనిని చూసి పిల్లికి ఈ తిండి నచ్చలేదని రకరకాల డబ్బాలు మార్చి విసిగిపోయేవారు చాలామంది. కావలసినది వాంతి, వికారం తగ్గించే మందు. మారోపిటాంట్, ఒండాన్‌సెట్రాన్ అందుకు వాడతారు.

ఆకలి పెంచే మందులలో మిర్టజపీన్ ముఖ్యమైనది. చెవి లోపలి చర్మానికి రాసే లేపనంగా దీనికి 2018లో అమెరికాలో అనుమతి లభించింది. మనుషుల మానసిక వ్యాధులకు వాడే 15 మిల్లీగ్రాముల మాత్రలో ఎనిమిదవ వంతు పిల్లికి ఒక మోతాదు అవుతుంది. మూత్రపిండ వ్యాధి ఉన్నపుడు సాధారణంగా దానిని కూడా రోజు విడిచి రోజు మాత్రమే వాడతారు. మోతాదు మించితే పిల్లి అరుస్తూ, వణుకుతూ నిలకడ లేకుండా తిరుగుతుంది. 2020లో అమెరికాలో అనుమతి పొందిన కాప్రొమోరెలిన్ మూత్రపిండ వ్యాధిలో బరువు తగ్గిన పిల్లుల కొరకే ఉద్దేశించినది. కాని అది పెరుగుదల హార్మోనును ప్రేరేపించి చక్కెరను పెంచుతుంది కనుక మధుమేహం ఉన్న పిల్లికి తగినది కాదు. స్టెరాయిడ్లూ ఆకలిని పెంచుతాయి, అదే కారణంచేత వాటినీ దూరంగా ఉంచాలి.

ఆహారాన్ని ఒంటి వెచ్చదనానికి, అంటే 38 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు, వేడి చేస్తే వాసన పెరిగి పిల్లి ఆకర్షితమవుతుంది. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టాలి. నోరు పట్టుకుని బలవంతంగా తినిపించటం, చేదు మందులను తిండిలో దాచటం చేస్తే ఆ ఆహారంపై శాశ్వతమైన అయిష్టం ఏర్పడవచ్చు. రోజులు గడుస్తున్నా తినకపోతే మెడ ప్రక్కనుండి అన్నవాహికలోకి మెత్తని గొట్టం అమర్చుతారు. చూడటానికి భయం గొలిపినా ఆహారం, నీరు, మందులు పెనుగులాట లేకుండా అందించటానికి ఇది మంచి ఏర్పాటు.

ఇన్సులిన్

పిల్లులకు గ్లార్జిన్, ప్రోటమైన్ జింక్, లెంటె రకాల ఇన్సులిన్ సాధారణంగా 12 గంటల కొకసారి చర్మం క్రింద ఇస్తారు. తొలి మోతాదు తరచుగా ఒక యూనిట్ మాత్రమే. ఇంత చిన్న మోతాదులో చిన్న పొరపాటు కూడా పెద్దదే. భారతదేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ అమ్ముతారు. వాటి సిరంజిలు వేరు. సాధారణంగా 40కి ఎర్ర మూత, 100కు నారింజ మూత ఉంటుంది. గ్లార్జిన్ 100 యూనిట్ల మందు. దానిని ఎర్ర మూత సిరంజిలో ఒకటవ గీత వరకు తీస్తే పిల్లికి అందేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. మందుల దుకాణంలో అడగకుండా ఇచ్చిన సిరంజిని సీసాపై అంకెతో సరిపోల్చుకొనటం తప్పనిసరి.

మూత్రపిండ వ్యాధి ఈ లెక్కను మరింత క్లిష్టం చేస్తుంది. శరీరంలోని ఇన్సులిన్‌లో కొంత భాగాన్ని విచ్ఛిన్నం చేసేవి మూత్రపిండాలే. అవి బలహీనపడితే ఇన్సులిన్ ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. వ్యర్థాలు పేరుకున్న రక్తంలో ఇన్సులిన్ పట్ల స్పందన తగ్గటమూ కద్దు. ఈ రెండింటిలో ఏది పైచేయి అవుతుందో కొలిచి చూస్తే తప్ప తెలియదు. నిన్నటి వరకు సరిపోయిన మోతాదు నేడు ఎక్కువ కావచ్చు.

అందువలన ప్రతి సూదికి ముందు చక్కెర కొలవటం, పిల్లి తిన్నదో లేదో చూడటం అలవాటు చేసుకోవాలి. చెవి అంచున సన్నని సూదితో గుచ్చితే ఒక చుక్క రక్తం చాలు. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలో చక్కెరను తరచుగా తక్కువ చేసి చూపుతుందని గుర్తుంచుకోవాలి. పూర్తిగా తింటే పూర్తి మోతాదు, సగం తింటే సుమారు సగం, ఏమీ తినకపోతే సూది ఆపి వైద్యుని సంప్రదించటం అనేది చాలామంది వైద్యులు ముందుగా చెప్పి ఉంచే నియమం. ఒక సూది తప్పినందువలన సాధారణంగా పిల్లి చనిపోదు, ఖాళీ కడుపున వేసిన పూర్తి మోతాదు వలన కొన్ని గంటలలోనే చనిపోవచ్చు. అయితే తినకుండా వాంతులు చేసుకుంటున్న పిల్లి మూత్రంలో కీటోన్లు కనిపిస్తే అది ఇంట్లో చూసుకోవలసిన స్థితి కాదు. ఆ పిల్లికి ఇన్సులిన్, సెలైన్ రెండూ ఆసుపత్రిలో ఇవ్వాలి.

చక్కెర పడిపోతే పిల్లి తూలుతుంది, మందగిస్తుంది, మూర్ఛలు రావచ్చు. వెంటనే తేనె గాని చిక్కని గ్లూకోజు నీటిని గాని చిగుళ్ళకు రాయాలి. స్పృహ లేని పిల్లి నోటిలో ఏదీ పోయరాదు. తేరుకోగానే ఆహారం పెట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నోటి ద్వారా ఇచ్చే బెక్సాగ్లిఫ్లోజిన్ 2022లోను, వెలాగ్లిఫ్లోజిన్ 2023లోను అమెరికాలో అనుమతి పొందాయి. సూది అవసరం లేదన్న ఆకర్షణ ఉన్నా, ఇవి మధుమేహం తప్ప ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పిల్లులకు ఉద్దేశించినవి. సరిగా తినని పిల్లిలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగే ప్రమాదం వీటితో ఉంది.

ఇతర చికిత్స

నీటి లోటు తీర్చటానికి రింగర్ లాక్టేట్ ద్రావణాన్ని భుజాల మధ్య చర్మం క్రిందకు ఎక్కిస్తారు. వైద్యుడు నేర్పితే ఇంట్లోనే చేయవచ్చు. ఒక్కసారికి సుమారు 100 మిల్లీలీటర్లు సాధారణం, గుండె జబ్బు ఉన్నపుడు ఇంకా జాగ్రత్త అవసరం. గ్లూకోజు కలిసిన సెలైన్ సీసా దీనికి పనికిరాదు. మనుషులకు విరేచనాలప్పుడు ఇచ్చే ఓఆర్ఎస్ పొడిలో కూడా గ్లూకోజు ఉంటుంది.

మూత్రపిండ వ్యాధి ఉన్న పిల్లులలో రక్తపోటు పెరిగి, కంటి వెనుక పొర ఊడి, ఒక్క రాత్రిలో చూపు పోవచ్చు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ దీనికి వాడే మందులు. జ్వరమని, నొప్పి అని పారాసెటమాల్ ఇవ్వరాదు. పిల్లికి అది విషం.

వ్యాధి ముదిరేకొద్దీ లక్ష్యాలు మారుతాయి. కొత్తగా మధుమేహం వచ్చిన పిల్లిలో ఇన్సులిన్ అవసరం తీరిపోవాలన్న ఆశతో చక్కెరను గట్టిగా అదుపు చేస్తారు. మూడవ, నాలుగవ దశ మూత్రపిండ వ్యాధి ఉండి ఆకలి నిలకడ లేని పిల్లికి అంత పట్టు ప్రమాదకరం. దానికి చక్కెర కొంత ఎక్కువగా ఉన్నా సరే, పడిపోకుండా, కీటోన్లు రాకుండా, బరువు నిలబడేలా చూస్తే చాలునని వైద్యులు భావిస్తారు. బరువును వారానికొకసారి ఒకే త్రాసుపై చూసి, తిన్న పరిమాణం, త్రాగిన నీరు, చక్కెర, సూది మోతాదు ఒక పుస్తకంలో తేదీలవారీగా వ్రాసి ఉంచితే ఆసుపత్రిలో మోతాదు మార్చటానికి అదే ఆధారమవుతుంది. నాలుగు కిలోల పిల్లి రెండు వందల గ్రాములు తగ్గితే కంటికి ఆనదు, కాని అది దాని బరువులో ఇరవయ్యవ వంతు.