కొర్రలు తప్ప ముట్టని పిట్టకు కొత్తిమీర లెక్క

"మా లవ్ బర్డ్స్ కొర్రలు తప్ప ఇంకేం ముట్టవండీ." పిట్టలు పెంచే ఏ ఇంటికెళ్లినా వినిపించే మాటే ఇది. దానికి పక్కింటివాళ్ల సలహా కూడా సిద్ధంగా ఉంటుంది: "రెండ్రోజులు గింజలు ఆపేయండి, ఆకలేస్తే అదే తింటుంది." అన్నం దగ్గర మారాం చేసే పిల్లలకు ఈ మాట చెల్లుతుందేమో గానీ, పిట్టకు చెల్లదు. ఎందుకో చెప్పడానికి ఒక్క అంకె చాలు: 35 గ్రాములు.

మనం లవ్ బర్డ్స్ అని కొనుక్కొచ్చే బడ్జీ బరువు దాదాపు అంతే. 30 నుంచి 40 గ్రాముల మధ్య ఉంటుంది. కాకటీల్ అయితే 80 నుంచి 100 దాకా తూగుతుంది. 35 గ్రాముల్లో పదోవంతు పోయిందంటే తగ్గింది మూడున్నర గ్రాములే, కంటికి ఆనదు. కానీ 60 కిలోల మనిషి ఆరు కిలోలు చిక్కిపోవడమే అది. మనిషి అంత తగ్గడానికి నెలలు పడుతుంది, పస్తున్న పిట్టకు ఒకటి రెండు రోజులు చాలు. దాచుకున్న కొవ్వు తక్కువ, ఖర్చు ఎక్కువ. కాబట్టి కడుపు మాడ్చి దారికి తెచ్చే ఆలోచన ముందే పక్కన పెట్టేద్దాం.

అసలు సంగతేమిటంటే, పిట్ట కొత్తిమీరను వద్దనడం లేదు. అది తిండి అని దానికి తెలియదంతే. బడ్జీ పిల్ల 35 రోజులకు అటూఇటూగా గూడు వదులుతుంది, మరో వారం పది రోజుల్లో సొంతంగా తినడం నేర్చుకుంటుంది. ఆ రోజుల్లో తల్లీతండ్రీ ఏం తింటుంటే చూసిందో అదే దానికి తిండి. మన దగ్గర పిల్లలు తీసే చోట ఎక్కువగా కనిపించేది కొర్రల గిన్నె ఒకటే. హైదరాబాద్ ముర్గీచౌక్‌లో కొన్నా, మీ ఊరి సంతలో కొన్నా, ఇంటికొచ్చే పిట్ట ఆ చదువుతోనే వస్తుంది.

ఒక రెమ్మ, ఒక నెల

ఇంతకీ కొర్రలకేమొచ్చింది, మనమే ఇప్పుడు వెతుక్కుని మరీ తింటున్నాం కదా అని అడగొచ్చు. వాటి తప్పేం లేదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో చూస్తే, 100 గ్రాముల కొర్రల్లో 12 గ్రాముల మాంసకృత్తులు, 4.3 గ్రాముల కొవ్వు ఉన్నాయి. మనుషుల కోసం వేసిన లెక్కలే గానీ, గింజ ఎవరు తిన్నా గింజే కదా. పొద్దుతిరుగుడు పప్పులో కొవ్వు 52 గ్రాములు. ఆ పక్కన కొర్రలు నిజంగా బుద్ధిమంతులే.

చిక్కంతా వేరే గడిలో ఉంది. ఒంట్లో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ 100 గ్రాముల కొర్రల్లో 32 మైక్రోగ్రాములు. క్యారెట్‌లో 1,890. మునగాకులో 6,780. కొత్తిమీరలో 6,918.

దీన్ని పిట్ట కొలతకు దించి చూద్దాం. బడ్జీ రోజుకు పొట్టు తీసిన గింజ ఆరు గ్రాములు తింటుందనుకోండి. ఒక గ్రాము కొత్తిమీరలో 69 మైక్రోగ్రాముల కెరోటిన్ ఉంటుంది. అంత కెరోటిన్ కొర్రల నుంచే రావాలంటే 200 గ్రాములకు పైగా తినాలి, అంటే నెల దాటిపోయే గ్రాసం. నెల రోజుల గిన్నెలో దొరకనిది చిన్న రెమ్మలో ఉంది. విటమిన్ ఎ చాలని పిట్టకు ముక్కులోపలా నోటిలోపలా పొర మందమై గరుకెక్కుతుంది, జలుబులూ సైనస్ జబ్బులూ పట్టుకుంటాయి. "మా పిట్ట మాటిమాటికీ తుమ్ముతుందండీ" అనేవాళ్లు ముందుగా గిన్నెలోకి చూడాలి.

కాల్షియం సంగతి ఇంకా వింత. పక్షుల తిండిలో భాస్వరం కంటే కాల్షియం ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండటం మంచిది. కొర్రల్లో కాల్షియం 31 మిల్లీగ్రాములు, భాస్వరం 290. పూర్తిగా తలకిందులు. మునగాకులో కాల్షియం 440, భాస్వరం 70. గుడ్లు పెట్టే ఆడపిట్టకు ఈ తేడా ప్రాణాంతకం: కాల్షియం చాలకపోతే గుడ్డు లోపలే ఇరుక్కుపోతుంది. పంజరంలో సముద్రపు నురుగు ముక్క వేలాడదీసేది ఇందుకే. అయొడిన్ కూడా గింజల్లో తక్కువే. గింజల మీదే బతికే బడ్జీలకు గొంతులో థైరాయిడ్ ఉబ్బి, ఊపిరి తీస్తుంటే కిచకిచమని చప్పుడు రావడం పశువైద్యులకు పాత పరిచయమే.

నాలుకకు ముందు కన్ను

మన నోట్లో రుచి మొగ్గలు వేలల్లో ఉంటాయి. చిలుక జాతి పక్షికి 300 నుంచి 400. మనకు కన్నులో రంగులు పట్టే కణాలు మూడు రకాలైతే దానికి నాలుగు, మనకు కనపడని అతినీలలోహిత కాంతి కూడా దానికి కనిపిస్తుంది. అంటే తినాలా వద్దా అన్న తీర్పు చాలావరకు కన్నే చెప్పేస్తుంది. నాలుక దాకా రానిదే రుచి ప్రసక్తి ఎక్కడిది? పైగా ఆ రుచి కూడా మన రుచి కాదు. మిరపలో మంట పుట్టించే కాప్సైసిన్‌ను పట్టే గ్రాహకం పక్షుల్లోనూ ఉంది గానీ, దానికి ఆ మంట అంటదని 2002లో తేలింది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. గుంటూరు మిరపకాయను కూడా పిట్ట గింజలతో సహా హాయిగా నమిలేస్తుంది. పండు మిరపకాయ ఎర్రగా కనపడుతుంది, లోపల గింజలుంటాయి, కెరోటిన్ దండిగా ఉంటుంది. మొండి పిట్టకు నేను మొదట ఇవ్వమనే వాటిలో అదొకటి.

బడ్జీ కొర్రగింజను తినడం ఒకసారి దగ్గరగా చూడండి. గింజను పై ముక్కు అంచుకు ఆనించి నాలుకతో గిర్రున తిప్పుతుంది. పొట్టు చిట్లి కిందపడుతుంది, లోపలి పలుకు గొంతులోకి జారుతుంది. అంతా రెప్పపాటులో అయిపోతుంది. ఆ ముక్కు పుట్టినప్పటి నుంచీ చేసింది ఆ పనే. తడిగా, మెత్తగా, పెద్దగా ఉన్న క్యారెట్ ముక్క ఆ పనిలో ఎక్కడా ఇమడదు. అందుకే తిండి మార్చే ముందు దాని ఆకారం మార్చాలి. ముక్కను కాదంటే తురమండి, తురుమును కాదంటే ఉడికించి కొర్రల్లో కలిపి అంటించండి. ఇవాళ క్యారెట్, రేపు బీరకాయ, ఎల్లుండి మొక్కజొన్న అని వస్తువులు మార్చుకుంటూ పోతే దానికి ఏదీ అలవాటు కాదు. రెండు వారాలు ఒక్కటే వస్తువు, రూపాలు మాత్రం మార్చండి.

ఇక్కడ ఆకుకూరలకు ఒక అదనపు సదుపాయం ఉంది. బడ్జీ సొంతూరు ఆస్ట్రేలియా మధ్యలోని పొడి నేలలు. 1840లో జాన్ గౌల్డ్ వాటిని ఇంగ్లండుకు పట్టుకెళ్లేదాకా బయటి ప్రపంచానికి అంతగా తెలియవు. నీళ్లు అరుదైన ఆ చోట తడిసిన గడ్డిలో దొర్లి స్నానం చేయడం వాటికి అలవాటు. కొత్తిమీర కట్టను బాగా కడిగి, నీళ్లు కారుతుండగానే, అది ఎప్పుడూ కూర్చునే కొమ్మ పక్కన తల ఎత్తులో బట్టల క్లిప్పుతో బిగించండి. మొదట దూరంగా జరిగి మెడ సాచి చూస్తుంది. తర్వాత ఒక కాలు ముందుకేస్తుంది. ఏదో ఒక పూట ఆ తడిలో తల దూర్చి రెక్కలు విదిల్చుకుంటుంది. స్నానం మధ్యలో ఆకు కొరుకుతుంది. తిండిగా పరిచయం చేస్తే ఒప్పుకోనిది స్నానంగా చేస్తే ఒప్పుకోవడం పిట్టలు పెంచేవాళ్లకు బాగా తెలిసిన చిట్కా.

నా ఉద్దేశంలో అన్నిటికంటే దగ్గరి దారి మాత్రం మొలకలు. అవే కొర్రలు, అదే వాసన, కాకపోతే కాస్త తడి, చిన్న తెల్ల మొలక. 8 నుంచి 12 గంటలు నానబెట్టి, నీళ్లు వంచేసి, గుడ్డలో కట్టి, రోజుకు రెండు మూడుసార్లు కడగాలి. మర్నాటికల్లా మొలక కనిపిస్తుంది. పుల్లటి వాసన వస్తే మొహమాటం లేకుండా పారేయండి. కొర్ర కంకి ఇంకో మంచి సాధనం. పెట్ షాపుల్లో మిల్లెట్ స్ప్రే అని ప్యాకెట్లో పెట్టి అమ్మేది దాన్నే. రాయలసీమలో పొలాల్లో పండేదాన్ని మనం ప్యాకెట్ ధర పెట్టి కొనడం చూస్తే నవ్వొస్తుంది. ఆ కంకి చుట్టూ తోటకూర ఆకు చుట్టి కట్టండి. గింజ కోసం ముక్కు పెట్టే పిట్టకు ఆకు అడ్డమొస్తుంది, చించక తప్పదు.

గంట, గ్రాము, రెట్ట

వేళ ముఖ్యం. రాత్రి పది పన్నెండు గంటలు పిట్ట ఏమీ తినదు, తెల్లవారగానే దానికి గట్టి ఆకలి ఉంటుంది. ఆ సమయంలో ముందు కొత్త తిండి పెట్టి, గంట నుంచి గంటన్నర ఆగి, అది ముట్టినా ముట్టకపోయినా కొర్రలు పెట్టేయండి. సాయంత్రం కొర్రలు కడుపు నిండా తిననివ్వండి, ఆ నిండు కడుపుతోనే అది రాత్రి దాటాలి. రోజుకు ఒకటిన్నర రెండు టీస్పూన్ల గింజలు బడ్జీకి సరిపోతాయి. గిన్నె నిండా పోసి రోజంతా ఉంచితే కొత్తదాని వైపు చూడాల్సిన పనే దానికి ఉండదు.

గిన్నె విషయంలో ఒక ప్రమాదం ఉంది. పిట్ట పొట్టును గిన్నెలోనే రాలుస్తుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండుగా, "ఇంకా తిండి ఉందిలే" అన్నట్టే ఉంటుంది. ఊదితే పొట్టంతా ఎగిరిపోయి అడుగు కనపడుతుంది. నిండు గిన్నె ముందు పస్తులతో చచ్చిపోయిన పిట్టలున్నాయి. రోజుకు రెండుసార్లు ఊది చూడటం తప్పనిసరి.

కొత్త తిండి మొదలుపెట్టే ముందే ఒక కాటా కొనుక్కోవాలి. వంటింటి కాటా ఒక గ్రాము తేడా చూపిస్తే చాలు, 0.1 గ్రాము చూపించేదైతే మరీ మేలు. రోజూ ఉదయం, మొదటి రెట్ట వేశాక, ఏమీ తినకముందు తూచి కాగితం మీద రాయండి. పొద్దుటికీ సాయంత్రానికీ గ్రాము రెండు గ్రాములు తేడా సహజం, వేళ మారితే అంకెకు అర్థం ఉండదు. 35 గ్రాముల పిట్ట 33కు దిగితే నెమ్మదించండి. 31.5కు దిగితే ప్రయోగం ఆపేసి, పాత తిండి పూర్తిగా పెట్టేసి, పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించండి.

రెట్టలు కూడా లెక్కే. బాగా తింటున్న బడ్జీ రోజుకు నలభై దాకా వేస్తుంది. సంఖ్య సగానికి పడిపోయి, రంగు ముదురాకుపచ్చకో నలుపుకో తిరిగితే కడుపులో ఏమీ పడటం లేదని అర్థం. ఆకుకూరలు తిన్నరోజు రెట్ట పలచబడటం మాత్రం మామూలే, దానికి కంగారుపడి ఆకు మానేయకండి. ఒళ్లు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్న పిట్టకు, ఈకలు రాల్చుకుంటున్నదానికి, పిల్లలున్నదానికి, ఇంటికొచ్చి రెండు వారాలు కానిదానికి ఈ మార్పులేవీ మొదలుపెట్టొద్దు.

పెల్లెట్లకు, అంటే పిట్టల కోసం తయారుచేసి అమ్మే తిండి గుళికలకు, మారాలనుకునేవాళ్లు వాటిని పొడి చేసి, తడి మొలకలకు పట్టించి, పదోవంతుతో మొదలుపెట్టి వారానికింత చొప్పున పెంచాలి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, కొన్నింటికి ఇంకా ఎక్కువ. బడ్జీకి గింజలు పూర్తిగా మానిపించాలన్న పట్టుదల అవసరం లేదని నా అభిప్రాయం.

అవకాడో, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, కాఫీ, టీ దగ్గరికి రానివ్వకండి. మన పళ్లెంలోంచి ఉప్పూ నూనె ఉన్నవేవీ వద్దు, మిక్చరు పొట్లం అసలే వద్దు. ఆపిల్ ఇస్తే గింజలు తీసి ఇవ్వాలి. తడి తిండిని రెండు గంటల్లో తీసేయాలి, మన ఎండాకాలంలో అయితే గంటకే. ఇంకో మాట: ఈ లెక్కలు బడ్జీ, కాకటీల్ వంటి విదేశీ పిట్టలకే. రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, దానికి ఏం తినిపించాలన్న ప్రశ్నే రాకూడదు.

రెండు నెలలయ్యేసరికి బరువు తగ్గకుండా రోజుకో చిన్న రెమ్మ కొత్తిమీర తింటుంటే మీ పిట్ట దారిలో పడ్డట్టే. అప్పుడు మునగాకు మొదలుపెట్టండి.